ఇల్లంతా తడిపేసే కుక్కపిల్లకి బయట అలవాటు చేయడం ఎలా

తెల్లవారుజామున లైటు వేయకుండా హాల్లోకి వచ్చి తడి మీద కాలేశారా? మా ఇంటికి కుక్కపిల్ల గవ్వ వచ్చిన మొదటి మూడు వారాలూ నా రోజు అలాగే మొదలయ్యేది.

విజయనగరం దాసన్నపేటలో మాది పాత ఇల్లు. ముందు అరుగు, పొడవాటి హాలు, చివర వంటిల్లు, వెనక చిన్న దొడ్డి. గవ్వ మా సందులో పుట్టిన ఊరకుక్క పిల్ల. తల్లి లారీ కింద పడి చనిపోతే రెండు నెలల పిల్లని ఇంట్లోకి తెచ్చుకున్నాం. రోజుకి ఏడెనిమిది సార్లు ఇంట్లోనే పోసేది. దొడ్లోకి తీసుకెళ్తే పావుగంట ఆడుకుని, లోపలికొచ్చి గుమ్మం దాటగానే కానిచ్చేసేది. ఒకరోజు సరిగ్గా దేవుడి గది గడప దగ్గర. మా మామ్మ "ఏటే ఇది? రేపు దీన్ని ఎక్కడైనా ఒగ్గీండర్రా" అంది. ఆ వయసు పిల్లని రోడ్డు మీద వదిలేస్తే ఎన్నాళ్ళు బతుకుతుందో నాకు తెలుసు. అందుకే పట్టుబట్టి నేర్చుకున్నాను. పశువుల డాక్టరు చెప్పినవీ, నేను చేసి చూసినవీ కలిపి వరసగా చెప్తాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. రెండు నెలల పిల్లకి ఉచ్చ ఆపుకునే శక్తి ఇంకా ఒంట్లోకి రాలేదు. పట్టు చిక్కడానికి నాలుగు నుంచి ఆరు నెలల వయసు రావాలి, కొన్నిటికి ఏడాది కూడా పడుతుంది. అది కావాలని చేస్తోందనీ, మన మీద కోపంతో చేస్తోందనీ అనుకోకండి. ఇంట్లో మడుగు కనిపించిందంటే మనం వేళ తప్పామన్నమాట.

1. ముందు డాక్టరుకి చూపించండి

అయిదు పది నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా పోస్తున్నా, పోసేటప్పుడు మూలుగుతున్నా, మూత్రంలో ఎర్రగా కనిపించినా, నిద్రలో తెలియకుండా కారిపోతున్నా అది అలవాటు సంగతి కాదు, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆడ కుక్కపిల్లల్లో ఇది ఎక్కువ. మందు వాడకుండా ఎంత నేర్పినా ప్రయోజనం ఉండదు. విరేచనాలు అవుతున్నా అంతే. పొట్టలో నులిపురుగులుంటే పిల్ల ఆపుకోలేదు. మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి నులిపురుగుల మందు వేయించాలి.

రక్తం కలిసిన విరేచనాలూ, వాంతులూ కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి, అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ జబ్బులో ఒక్క రాత్రి ఆలస్యం కూడా చాలా ఎక్కువ.

2. మూడు రోజులు నోట్‌బుక్‌లో రాయండి

చాలామంది ఈ పని చేయరు. నన్నడిగితే మొత్తం అలవాటులో సగం ఇక్కడే ఉంది. ఒక నోట్‌బుక్ తీసి హాల్లో పెన్నుతో సహా పెట్టండి. పిల్ల ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఏం తింది, ఎప్పుడు నీళ్ళు తాగింది, ఎప్పుడు ఎక్కడ పోసింది, ఇవి చాలు. ఇంట్లో ఎవరు చూసినా వాళ్ళే టైముతో సహా రాయాలి. నేర్పడం తర్వాత సంగతి, ఈ మూడు రోజులూ చూడడమే పని.

మూడోరోజు రాత్రి మా నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటే రెండు విషయాలు బయటపడ్డాయి. ఇంట్లో పోసినవాటిలో ఎక్కువ భాగం సాయంత్రం నాలుగున్నరకీ ఆరుకీ మధ్యే. అది మేమందరం అరుగు మీద టీ తాగుతూ కూర్చునే వేళ. పిల్ల మాత్రం మధ్యాహ్నం నిద్ర లేచి లోపల ఒంటరిగా తిరుగుతుంటుంది. రెండోది, మధ్యాహ్నం మూడింటికి ఎవరూ రాయని గిన్నె ఒకటుంది. మామ్మ తను తాగే చోడి (రాగి) అంబలిలో ఒక గ్లాసుడు దానికి పోస్తోంది, పాపం ఆకలేస్తుందని. ఒగ్గేయమన్న మామ్మే! అన్ని నీళ్ళు కడుపులోకి వెళ్తే గంటలోపు బయటికి రావాల్సిందే కదా. మేం టీ టైముని పావుగంట ఆలస్యం చేసి, ఆలోపు పిల్లని దొడ్లోకి తీసుకెళ్ళి, అంబలి గ్లాసుని రెండు చెంచాలకి తగ్గించాం. అప్పటికి ఇంకేమీ నేర్పకుండానే ఎనిమిది కాస్తా అయిదయింది.

మీ ఇంట్లో వేళలు వేరుగా ఉంటాయి. ఏవో ఒక వేళలైతే ఉంటాయి, రాస్తేనే కనిపిస్తాయి.

3. పాత వాసన పూర్తిగా తీసేయండి

కుక్క ముక్కుతో గుర్తు పెట్టుకుంటుంది. ఒకసారి పోసిన చోట వాసన మిగిలితే అది దానికి బాత్‌రూమ్ బోర్డు పెట్టినట్టే. మనం చేసే మొదటి పొరపాటు తడిగుడ్డ కర్రతో తుడిచేయడం. దాంతో చారెడు మడుగు గజం మేర పాకుతుంది. ముందు పాత పంచె ముక్కో, పేపరో మీద వేసి నొక్కి పీల్చేయండి. తర్వాత నీళ్ళతో కడిగి, మళ్ళీ పీల్చండి. ఆపైన పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. మూత్రంలో వాసన పుట్టించే పదార్థాలని అది విరగ్గొడుతుంది. టైల్స్ అయితే నీళ్ళూ తెల్ల వెనిగరూ సమపాళ్ళలో కలిపి తుడిచినా చాలావరకు పోతుంది. మా హాల్లో లాగ కడప రాయి గానీ, మొజాయిక్ గానీ, పాలరాయి గానీ ఉంటే వెనిగర్ వద్దు. ఆ పులుపుకి రాయి మెరుపు చచ్చిపోతుంది. అక్కడ వంటసోడా చల్లి, ఆరాక ఊడ్చేయండి.

ఫినాయిల్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మన ఇళ్ళల్లో వాసన అనగానే చేయి ఫినాయిల్ సీసా మీదకే వెళ్తుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే రసాయనాలు కుక్కలకి మంచివి కావు. పిల్ల ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది. పైగా ఆ ఘాటు మన ముక్కుకి ఉచ్చ వాసన తెలియకుండా చేస్తుందే గానీ దాని ముక్కుని మోసం చేయలేదు. బ్లీచింగ్ పౌడరు కూడా తాజా మూత్రం మీద చల్లకండి, రెండూ కలిస్తే ఊపిరికి చెరుపు చేసే గ్యాసు పుడుతుంది. బ్లీచింగునీ వెనిగర్‌నీ కలపడం ఇంకా ప్రమాదం.

ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే రాత్రి లైట్లన్నీ ఆపి అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. ఎండిన మరకలు మెరుస్తాయి. మా సోఫా వెనక నేను ఊహించని చోట నాలుగు కనిపించాయి. డోర్‌మ్యాట్లూ, గోనె పట్టాలూ కొన్నాళ్ళు తీసి పైన పడేయండి. కాలి కింద మెత్తగా తగిలి తడి పీల్చుకునేదేదైనా పిల్లకి అనువైన చోటే.

4. ఒకే చోటు ఖాయం చేయండి

దొడ్లో ఒక మూల, కొంచెం మట్టి ఉన్న చోటు. మేం అరటి మొక్క పక్కన పెట్టుకున్నాం. మొదటి రోజు ఇంట్లో తడిసిన పేపరు ముక్క ఒకటి తీసుకెళ్ళి ఆ మూల రాయి కింద పెట్టాను. వాసన చూసి తనకి అర్థమైంది. షాపు నుంచో, పెంచేవాళ్ళ దగ్గర నుంచో తెచ్చిన పిల్లలు మొదటి వారాలు న్యూస్‌పేపర్ మీద గడిపి ఉంటాయి. అవి పేపరు కోసమే వెతుకుతాయి. వాటికి బయట మూలలో పేపరు పరిచి, రోజూ కొంచెం కొంచెం చింపి చిన్నది చేస్తూ మట్టికి మార్చండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నెల పిల్లని తెచ్చుకుని అలవాటు కావడం లేదని బాధపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. తల్లి దగ్గర ఉండాల్సిన వయసు అది.

ముందు వాకిలి మాత్రం ఎంచుకోకండి. పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే చోట పిల్లకి అలవాటు చేస్తే ఇంట్లో రోజూ గొడవే. వీధి కూడా ఇప్పుడే వద్దు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకటి పడతాయి. అవి పూర్తయ్యేలోపు ఊరకుక్కలు తిరిగే చోట పిల్లని దింపితే పార్వో అంటుకునే ప్రమాదం ఉంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. సొంత దొడ్డి, లేదంటే డాబా. మే నెలలో డాబా అయితే పొద్దున ఏడు దాటాక చెప్పులు లేకుండా మీరొకసారి నిలబడి చూడండి, తర్వాతే పిల్లని దింపండి.

అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో పెద్ద ప్లాస్టిక్ ట్రే పెట్టి అందులో మట్టీ, గడ్డీ వేయండి. మెత్తటి ప్యాడ్లు అమ్ముతారు గానీ, వేరే దారి లేకపోతే తప్ప నాకు అవి ఇష్టం లేదు. ఇంట్లో మెత్తటి గుడ్డ మీద పోయవచ్చని మనమే నేర్పి, తర్వాత అది పరుపు మీద పోసిందని తిట్టడం న్యాయం కాదు.

5. వేళలు

నిద్ర లేచిన వెంటనే, తిన్న పది నుంచి ఇరవై నిమిషాల్లోపు, ఆట ఆపగానే, పడుకునే ముందు తీసుకెళ్ళాలి. పగటి నిద్ర అయినా లేవగానే ఎత్తుకుని వెళ్ళండి, నడిపిస్తే దారిలోనే అయిపోతుంది. ఇవి కాక రెండు నెలల పిల్లని మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి తీసుకెళ్ళండి. మూడు నెలలకి గంటన్నర, నాలుగు నెలలకి రెండు గంటలు. 'నెలలకి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆగగలదు' అనే లెక్క ఒకటుంది. అది నిద్రలో ఆగగలిగే గరిష్ఠం అనుకోండి. ఆడుకుంటున్న పిల్లకి ఆ లెక్క పనిచేయదు.

తిండికి కూడా వేళ ఉంటేనే ఇదంతా కుదురుతుంది. మూడు నెలల్లోపు రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు. పెట్టిన గిన్నె పావుగంటలో తీసేయండి. వేళకి లోపలికి వెళ్తే వేళకే బయటికి వస్తుంది. పాలన్నం పెట్టడం మన అలవాటు, చాలా పిల్లలకి ఆవు పాలు అరగవు, మోషన్స్ మొదలవుతాయి. నీళ్ళు మాత్రం పగలంతా ఉంచండి. పోస్తోందని నీళ్ళు ఆపేయడం మన ఎండలకి చాలా ప్రమాదం.

6. బయట ఆ రెండు నిమిషాలు

మొత్తం పనిలో కీలకం ఇదే, కాబట్టి నిదానంగా చదవండి.

మెడకి తాడు వేసి అదే మూలకి తీసుకెళ్ళి, మీరు చెట్టులా నిలబడండి. ఆటలొద్దు, మాటలొద్దు, ఫోన్ అసలొద్దు. గవ్వ ముందు గోడ వారగా ముక్కు నేలకి ఆనించి నడిచేది. అరటి మొదట్లో మట్టి రెండుసార్లు గట్టిగా వాసన చూసేది. తోక మొదలు కొంచెం పైకి లేచేది. చుట్టూ ఒకసారి తిరిగి, ఇంకోసారి తిరిగి, వెనక కాళ్ళు ముడిచి కూర్చునేది. కూర్చోగానే "కానీ" అని మెల్లగా ఒక్కసారి అనేదాన్ని. ఆ తర్వాత ఊపిరి కూడా గట్టిగా తీయకండి. మధ్యలో మెచ్చుకుంటే పిల్ల సగంలో ఆపేసి తోకూపుకుంటూ మీ దగ్గరికొచ్చేస్తుంది. మిగిలిన సగం హాల్లో పోస్తుంది. మా ఇంట్లో 'బయట పోసి కూడా మళ్ళీ లోపల పోస్తోంది' అనుకున్నదానికి కారణం నా మెచ్చుకోలే.

పూర్తిగా అయ్యాక, పిల్ల లేచి నిలబడిన క్షణంలో అక్కడికక్కడే శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టి, తల నిమరండి. శాకాహారులైతే పనీరో, ఉడికించిన క్యారెట్టో. లోపలికొచ్చాక పెడితే గుమ్మం దాటినందుకు పెట్టారనుకుంటుంది. అందుకే ముక్కలు జేబులోనే ఉండాలి. కిస్‌మిస్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి, కుక్కలకి అది విషం. దేవుడి ప్రసాదంలో ఉన్నా సరే.

అయిపోగానే లోపలికి లాక్కొచ్చేయకండి. పోస్తే ఆట అయిపోతుందని దానికి తెలిస్తే ఎంతసేపైనా బిగబట్టుకుంటుంది. పోసిన తర్వాత రెండు నిమిషాలు ఆడనివ్వండి. అయిదు నిమిషాలు నిలబడినా పోయకపోతే లోపలికి తెచ్చి, ఒళ్ళో పెట్టుకునో దగ్గర కట్టుకునో, పది నిమిషాల్లో మళ్ళీ తీసుకెళ్ళండి. ఆ పది నిమిషాలూ కింద వదలకండి.

రెంటికి వెళ్తే పేపరుతో తీసి గుంటలో వేసి మట్టి కప్పండి. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే దొడ్డి అయితే ఇది తప్పనిసరి, కుక్క మలంలోని కొంకి పురుగులు చర్మంలోంచి లోపలికి వెళ్తాయి.

7. లోపల ఉన్నప్పుడు కళ్ళ ముందే

ఇల్లంతా తిరగనిస్తే ఎప్పుడు ఎక్కడ పోసిందో మీకు తెలియదు. నేను పని చేసుకుంటున్నంతసేపూ ఆరడుగుల పలచటి తాడు ఒక కొస గవ్వ బెల్టుకి, ఇంకో కొస నా నడుముకి. కూర తరుగుతుంటే పక్కనే. ముక్కు నేలకి దించి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టగానే ఎత్తుకుని పరుగు.

చూడడం కుదరనప్పుడు పిల్ల నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకోడానికి సరిపోయేంత చోటు మాత్రం ఇచ్చి అడ్డు కట్టండి. బల్ల కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టినా చాలు. పడుకునే చోటు పాడు చేసుకోడం కుక్కకి ఇష్టం ఉండదు. చోటు పెద్దదైతే ఒక మూల పడక, ఒక మూల దొడ్డి చేసుకుంటుంది. అలాగని గంటల తరబడి అందులో ఉంచేయడం క్రూరత్వం. ఇంట్లో అందరూ ఉద్యోగాలకి వెళ్ళిపోతే రెండు మూడు నెలల పిల్ల సాయంత్రందాకా ఆగలేదు. మధ్యలో వచ్చి తీసుకెళ్ళే పక్కింటి పిన్నినో, కాలేజీ కుర్రాడినో ముందే మాట్లాడుకోండి.

8. కళ్ళ ముందే పోస్తుంటే

అరవకండి. "అరే" అని చిన్నగా అని, ఎత్తుకుని మూలకి తీసుకెళ్ళండి. మిగిలిన రెండు చుక్కలు అక్కడ పోసినా మెచ్చుకోండి. పోసేసి వెళ్ళిపోయాక చూస్తే ఏమీ అనకుండా తుడిచేయండి, అంతే.

ముక్కు తీసుకెళ్ళి తడిలో రుద్దడం, చీపురుతో కొట్టడం మన పెద్దవాళ్ళు చేసేవారు. దయచేసి చేయకండి. పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే, ఈ మనిషి చూస్తుండగా పోస్తే దెబ్బ పడుతుందని. ఆ తర్వాత మీరు దొడ్లోకి తీసుకెళ్ళి గంట నిలబడినా మీ ముందు పోయదు. సోఫా వెనక దాక్కుని పోస్తుంది. మా సోఫా వెనక ఆ నాలుగు మరకలు అలా వచ్చినవే. మొదటి వారం నేనూ దాని మీద అరిచాను. దాని చెవులు వెనక్కి అతుక్కుపోయి, పొట్ట నేలకి ఆనించి పాకుతూ వెళ్ళడం నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

మీరు ఇంటికి రాగానే ఆనందంతో కాళ్ళ దగ్గర నాలుగు చుక్కలు రాల్చడం వేరే సంగతి. అది దాని వశంలో లేదు. లోపలికి వచ్చి రెండు నిమిషాలు పట్టించుకోకుండా ఉండి, తర్వాత కింద కూర్చుని పలకరించండి. పైనుంచి వంగకండి. పెద్దయ్యే కొద్దీ పోతుంది.

9. రాత్రిళ్ళు

ఏడింటికి చివరి తిండి. వేసవి కాకపోతే తొమ్మిదికి నీళ్ళ గిన్నె తీసేయవచ్చు. పదిన్నరకి ఒకసారి, తర్వాత రెండింటికి అలారం పెట్టుకుని ఒకసారి, అయిదింటికి ఒకసారి. పిల్ల పడక మీ మంచం పక్కనే ఉండాలి, కదిలితే తెలుస్తుంది. అర్ధరాత్రి లైట్లు వేయడం, మాట్లాడడం వద్దు, లేకపోతే ఆడుకునే వేళ అనుకుంటుంది. నాలుగు నెలలు వచ్చాక రెండింటి అలారాన్ని రోజూ పావుగంట ఆలస్యంగా పెట్టుకుంటూ పోండి. రెండుంబావు, రెండున్నర, అలా అయిదు దాకా.

10. వానలు, పండగలు, వెనక్కి వెళ్ళడం

అక్టోబరు తుఫాన్లప్పుడు పిల్లలు దొడ్లో కాలు పెట్టవు. గోడ వారగా రేకు ముక్కో, టార్పాలినో కట్టి ఆ మూల మాత్రం తడవకుండా చూడండి. గొడుగు పట్టుకుని మీరూ నిలబడండి. అదే నెలలో మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొచ్చి ఇల్లు నిండిపోయిన నాలుగు రోజులూ, అప్పటికి నెలై బుద్ధిగా ఉన్న గవ్వ మళ్ళీ హాల్లో పోసింది. దీపావళి టపాసులకి ఇంకోసారి. నేర్చుకున్నది పోయిందని కంగారు పడకండి. వారం పాటు మళ్ళీ రెండు నెలల పిల్లలా గంటకోసారి తీసుకెళ్ళండి, దారికొస్తుంది. ఆరేడు నెలల మగపిల్ల కాలెత్తి గోడలకీ, కుర్చీ కాళ్ళకీ చల్లుతుంటే అది హద్దులు గుర్తు పెట్టుకోవడం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడండి.

11. అడగడం నేర్పండి

ఇంట్లో మడుగులు వారానికి ఒకటీ అరా అయ్యాక, దొడ్డి తలుపుకి పిల్ల ముక్కుకి అందేటంత ఎత్తులో ఆవు మెడలో కట్టే గంట ఒకటి వేలాడదీయండి. మింగలేనంత పెద్దది చూసుకోండి. బయటికి వెళ్ళే ప్రతిసారీ దాని ముక్కుని గంటకి తాకించి, మోగాకే తలుపు తీయండి. ఊరికే ఆడుకోడానికి మోగిస్తే తీసుకెళ్ళి మూలలో మూడు నిమిషాలు నిలబడి, పోయకపోతే లోపలికి తెచ్చేయండి.

గవ్వకి పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి దానికి అయిదు నెలలు. మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే వెనక గంట మోగింది. నేను లేచేలోపే మామ్మ గోడ పట్టుకుని వెళ్ళి గడియ తీసింది. "ఎల్లు, ఎల్లు. కానీ" అంటోంది.